మామూలోళ్ల లైను

రైతుల వడ్లు కొనే సహకార సంఘం ఆఫీసు మొత్తంలో ఏసీ ఉన్నది ఒక్క సర్వరు గదికే. మేనేజరు గదిలో పాత ఫ్యాను ఉండేది, అది తిరిగినంతసేపూ ఎవరినో తిడుతున్నట్టు చప్పుడు చేసేది. అందుకని ఎండలు ముదరగానే మేనేజరు తన కుర్చీని సర్వరు గదిలో వేయించుకునేవాడు. కుర్చీ వెంట ఆయన ఫోను ఛార్జరు వచ్చేది, ఛార్జరు వెంట ఆయన్ని కలవడానికి వచ్చే పెద్దమనుషులు, వాళ్ల వెంట చాయ్ గ్లాసులు. కొందరు కాళ్లు సర్వరు వైపు చాపి మధ్యాహ్నం కునుకు కూడా తీసేవాళ్లు. ఆ గురకల మధ్య నేను నల్ల తెర ముందు కూర్చుని నా పని చేసుకునేవాణ్ణి.

హాలియా దాటి కాలువ గట్టు వెంబడి కొంత దూరం పోతే వచ్చే ఊరది. ఊరి పేరూ సంఘం పేరూ చెప్పను. చెబితే వచ్చే పంటకు మా వడ్లు ఎవరూ కొనరు. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు ఆ చుట్టుపక్కల వరి ఎంత పెరిగిందంటే, ఎండాకాలంలో యాసంగి కోతలయ్యాక సంఘం ఆవరణలో కాలు పెట్టే జాగా ఉండేది కాదు. మునుపు చేతితో రాసిన చీటీలు ఇచ్చేవాళ్లు. చీటీలు చిరిగిపోయేవి, చేతులు మారేవి, చివరికి తన్నులాట అయ్యేది. ఇక లాభం లేదని పైవాళ్లు కంప్యూటరు టోకెన్లు పెట్టారు. రైతు వడ్లు తెచ్చి కుప్ప పోసిన రోజే టోకెన్ ఇస్తారు, వంతు రాగానే కంప్యూటరే మైకులో పిలుస్తుంది, పిలిచినవాడి వడ్లు కాంటా మీదికి ఎక్కుతాయి. దీన్నంతా నడిపే సర్వరును చూసుకోవడానికి హైదరాబాదులోని ఒక ఏజెన్సీ నన్ను పంపింది. నా తెలివి చూసి పంపిందని మా అమ్మ చెప్పుకునేది. మా ఊరు అక్కడికి దగ్గర, గది కిరాయి మిగులుతుంది, అదీ అసలు సంగతి.

నా పని ఇంకొకరికి చెప్పి ఒప్పించడం కష్టం. సర్వరులో ఒక్కో పనికి ఒక్కో సర్వీసు ఉంటుంది. టోకెన్ ఇచ్చేది ఒకటి, మైకులో పిలిచేది ఒకటి, తూకం రాసుకునేది ఒకటి. ఎవరిని ముందు పిలవాలి, ఎవరికి తలుపు తీయాలి, ఎన్నిసార్లు తప్పు పాస్‌వర్డ్ కొడితే బయటికి గెంటాలి, ఇవన్నీ వాటికి ముందే రాసి పెట్టాలి. దాన్నే పాలసీ అంటారు. పెళ్లిలో మొదటి బంతిలో ఎవరు కూర్చోవాలో, ఎవరికి వడ్డించాక ఎవరికి వడ్డించాలో ఇంటి పెద్ద ముందే చెప్పి పెడతాడు కదా, ఇదీ అంతే. ఆయన నోటితో చెబుతాడు, నేను ఒక్కో లైను కొట్టి చెబుతాను. మౌసు ఉండదు, బొమ్మలుండవు. లైను సరిగ్గా ఉంటే సర్వరు ఏమీ అనదు. తప్పుంటే మాత్రం తిడుతుంది. కాబట్టి నా పని బాగా జరిగిన రోజున తెర మీద కనపడేది ఏమీ ఉండదు.

మేనేజరుకు ఈ పద్ధతి మింగుడుపడలేదు.

"పొద్దటి సంది టకటక కొడుతనే ఉన్నవ్. ఏం గాలేదు గదా," అనేవాడు.

"అయింది సార్."

"ఏడయింది? ఏం గనవడుతలేదు."

"గనవడకపోతేనే అయినట్టు సార్."

ఆయన గదిలో ఉన్న పెద్దమనుషుల వైపు తిరిగి కళ్లెగరేసేవాడు. వాళ్లు నా జీతం గుర్తు చేసుకుని నిట్టూర్చేవాళ్లు.

ఇంట్లోనూ నాకు అంతే గౌరవం. "కొడుకేం జేస్తడే?" అని ఎవరైనా అడిగితే మా బాపు "ఏదో కంప్యూటర్ల కూసుంటడు" అని, వెంటనే కాలువ నీళ్ల సంగతి ఎత్తేవాడు. ఆయన లెక్కలో పనికి కొన్ని గుర్తులుండాలి. చేతికి మట్టి అంటాలి, కాకపోతే సిరా అంటాలి, రెండూ కాకపోతే కనీసం నలుగురి మీద అరవాలి. నేను ఈ మూడింటిలో ఏదీ చేసేవాణ్ణి కాదు. ఆయన పక్కన బండి మీద పోతుంటే కూడా నన్ను ఎవరికీ పరిచయం చేసేవాడు కాదు. దానికి నాకు బాధగానే ఉండేది. కానీ అడిగి చెప్పించుకునే గౌరవం ఎందుకని ఊరుకునేవాణ్ణి.

నేను ఆ ఉద్యోగంలో చేరకముందటి యాసంగిలో బాపు కుప్ప చెడగొట్టు వానకు తడిసింది. వంతు కోసం ఎదురుచూస్తుండగానే వాన పడింది. టార్పాలిన్ పరదా కప్పాడు గానీ నీళ్లు పైనుంచి రాలేదు, అడుగునుంచి వచ్చాయి. నాలుగు రోజులు పోయాక పరదా తీస్తే అడుగు వడ్లన్నీ తెల్లగా మొలకలెత్తి ఉన్నాయి. బాపు వాటిని పిడికిట్లో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.  ఇంటికొచ్చాక అమ్మతో అన్నాడు.

"ఇంకొక్క యాసంగి చూస్త. గది గూడ గిట్లనే పోతే చేను కౌలుకిచ్చి గడప మీద కూసుంట."

మా బాపు గడప మీద కూర్చోవడమన్నది మా ఇంట్లో ఎవరూ ఊహించలేరు. దసరా నాడు కూడా పొద్దున్నే ఒకసారి చేనుకు పోయి, అది అక్కడే ఉందని చూసుకుని వచ్చే మనిషి. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. అందుకే నేను ఉద్యోగంలో ఉన్న ఆ యాసంగికి బాపు కుప్ప తెచ్చి పోసినప్పుడు, మా ఇంట్లో అందరం ఆకాశం వైపు చూడటం మొదలుపెట్టాం.

కొనుగోళ్లు మొదలైన కొద్ది రోజులకే మేనేజరు కుర్చీ జరుపుకుని నా పక్కకు వచ్చాడు.

"ఇంకో లైను పెట్టాలె."

"ఎవరికి సార్?"

"మనకు కావల్సినోళ్లకు."

ఆ లైనుకు పేరు పెట్టడానికి ఒక పూట పట్టింది. ఉన్నమాట రాస్తే పై నుంచి తనిఖీకి వచ్చేవాళ్లకు బాగుండదు. 'ముఖ్యులు' అంటే మిగతావాళ్లు ముఖ్యం కాదా అని పేచీ వస్తుంది. చివరికి ఒక పెద్దమనిషి కునుకులోంచి లేచి 'అత్యవసరం' అన్నాడు. అందరికీ నచ్చింది. మిగిలినవాళ్ల లైనుకు 'సాధారణం' అని పెట్టారు. దానికి మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

తరువాత ఏ లైనుకు ఎంత వాటా అని చెప్పాలి. అది అంకెల్లో చెప్పాలి. అత్యవసరం రెండు, సాధారణం ఒకటి అని రాస్తే, అటు ఇద్దరిని పిలిచాక ఇటు ఒకరిని పిలుస్తుంది. ఆ సాఫ్ట్‌వేరు చేసినవాళ్లు అంతకన్నా ఎక్కువ తేడా పెట్టనివ్వలేదు. ఇది మేనేజరుకు చెప్పాను.

"సాధారణం సున్న పెట్టు. మనోళ్లు అందరు అయిపోయినంకనే వాళ్లు," అన్నాడు.

మళ్లీ చెప్పినా నమ్మడని సున్నా కొట్టి ఎంటర్ నొక్కాను. సర్వరు తిట్టింది. ఒకటికి తక్కువ ఒప్పుకోనంది.

"మల్ల కొట్టు."

మళ్లీ కొట్టాను, మళ్లీ తిట్టింది.

"పైకి ఫోన్ జెయ్యాల్నా?" అన్నాడు మేనేజరు, తెర వైపు చూస్తూ, దానికి వినపడేలా.

"ఎవలకు చేసినా గంతే సార్. దానికి ఎవరు ఎర్కలేదు."

పైరవీని మొహం మీదే కాదన్న అధికారిని నేను నా జీవితంలో చూడటం అదే మొదలు. మేనేజరు కాసేపు గింజుకుని రెండుకు ఒకటి దగ్గర ఒప్పుకున్నాడు. కొత్త నియమం అమల్లోకి రావాలంటే సర్వీసును ఒకసారి ఆపి లేపాలి. రాహుకాలం పోయేదాకా ఆగమన్నాడు. ఆగాను. సర్వరు, నేను, మేనేజరు, ముగ్గురం గోడ గడియారం చూస్తూ కూర్చున్నాం.

లేపిన తరువాత ఆయన గొంతు తగ్గించాడు.

"మీ బాపు వడ్లు గూడ వచ్చినయంట గదా. మొదలు ఆయన్నే ఎక్కియ్యి. ఇగ మావోళ్లని నేను చెప్తుంట, నువ్వు ఎక్కిస్తుండు."

ఆ 'ఇగ' అనే మాటలో ఉన్న బేరం దగ్గర నాకు కాలింది. నాకు కోపం తొందరగా వస్తుంది, వచ్చింది తొందరగా పోదు. అది బాపు నుంచి నాకు వచ్చిన ఆస్తి, చేనులో వాటా కన్నా ముందే వచ్చింది.

"మా బాపుకు అత్యవసరమేం లేదు సార్," అన్నాను, గదిలో గురక పెడుతున్నవాళ్లకు కూడా వినపడేలా.

ఆ మాట నాకన్నా ముందే ఇల్లు చేరింది. సాయంత్రం అన్నం దగ్గర బాపు నాతో మాట్లాడలేదు. నాకు చెప్పాల్సిందంతా నా ఎదురుగానే అమ్మతో చెప్పాడు.

"అడుగు వాన్ని. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటరు, గాయన గీయనేనా అని."

"ఒక్కసారి నిన్ను ఎక్కిస్తే ఇంకెవర్ని కాదననీకి రాదు బాపూ," అన్నాను.

అప్పుడు మాత్రం నా వైపు చూశాడు. "ఇప్పుడు ఎవర్ని కాదంటున్నవ్ మరి?"

నిజమే. మేనేజరు పేరు చెబుతున్నాడు, నేను ఎక్కిస్తున్నాను. ఆ ఆవరణలో నేను కాదన్న మనిషి ఒక్క మా బాపే. అమ్మ ఇద్దరికీ చారు పోసి, ఎవరి పక్షమూ తీసుకోకుండా లోపలికి పోయింది.

ఆ వారంలో అత్యవసరాలు ఎన్ని రకాలుంటాయో నేను నేర్చుకున్నాను. ఒకాయనకు అల్లుడు వస్తున్నాడు కాబట్టి అత్యవసరం. ఇంకొకాయనకు అల్లుడు అలిగి పోయాడు కాబట్టి అత్యవసరం. ఒకాయన తిరుపతికి రైలు టికెట్లు తీసుకున్నాడు, దేవుడు ఆగుతాడు గానీ రైలు ఆగదన్నాడు. ఒకాయన ఏ కారణమూ చెప్పలేదు, లోపలికొచ్చి ఏసీ కింద నిలబడి చొక్కా గుండీలు విప్పుకున్నాడు. "ఆయనది మొఖంలనే గనవడుతాంది," అన్నాడు మేనేజరు. నేను లైను కొట్టాను.

మొదట పెద్దవాళ్లు ఎక్కారు. తరువాత పెద్దవాళ్లకు కావలసినవాళ్లు ఎక్కారు. తరువాత మేనేజరుకు గడ్డం గీసే ఆయన, చాయ్ తెచ్చే హోటలాయన తమ తమ బంధువులను ఎక్కించారు. వాళ్లను చూసి ఊళ్లో పరువున్న ప్రతివాడూ ఏదో ఒక దారి వెతుక్కున్నాడు. ఎందుకంటే అప్పటికి అది వడ్ల సంగతి కాకుండా పోయింది. "ఏందే, ఇంక సాధారణంలనే ఉన్నవా?" అని కాంటా దగ్గర ఒకరినొకరు పలకరించుకునేవాళ్లు. ఆ పలకరింపు విన్నవాడు మర్నాడు పొద్దున్నే ఎవరినో ఒకరిని వెంటబెట్టుకుని సర్వరు గదికి వచ్చేవాడు.

సాధారణంలో మిగిలినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కౌలుకు చేసుకునే ఒక ఆమె ఉండేది. మగడు పోయాడు, తనే ట్రాక్టరు మాట్లాడుకుని వడ్లు తెచ్చుకుంది. ఎవరినైనా పట్టుకోమని నేనే ఒకసారి చెప్పాను, కుప్పల మధ్య ఎదురుపడితే. "నాకెవరున్నరు బిడ్డా పైరవి చెయ్యనీకి?" అని తన వడ్లు తను ఎగదోసుకుంది. ఇంకొందరు ఆ రోజుల్లో అసలు అలాంటి లైను ఒకటి ఉందని తెలియనివాళ్లు. వాళ్లతోపాటు మా బాపు. ఆయన అడిగితే మేనేజరు చిటికెలో ఎక్కించేవాడు. "కన్న కొడుకు చెయ్యంది ఊరోడెందుకు చెయ్యాలె," అన్నాడట అమ్మతో. కుప్ప పక్కన పరదా నీడలో కూర్చుని, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వడ్లను కాళ్లతో సాళ్లు సాళ్లుగా తిప్పేవాడు. సర్వరు గది కిటికీలోంచి చూస్తే ఆయన వీపు కనపడేది. అటు తిరిగి కూర్చునేవాడు, కావాలనే.

ఒకరోజు పొద్దు ఎక్కుతుండగా పడమర మబ్బు పట్టింది. గాలి ఆగిపోయి ఉక్క పోసింది. ఆవరణలో మనుషుల మాటలు తగ్గి పరదాల చప్పుడు పెరిగింది. బాపు లేచి పరదా అంచుల మీద రాళ్లు పెట్టుకుంటున్నాడు. వంగి లేచినప్పుడల్లా నడుము పట్టుకుంటున్నాడు. పోయిన యాసంగి మొలకలు నా కళ్ల ముందు మెదిలాయి. నీతి, నియమం అని నేను అంతదాకా అనుకున్నవన్నీ ఆ నిమిషంలో నాకు చేదుగా అనిపించాయి. ఎవరి కోసం ఈ పట్టుదల? ఊరందరినీ ఎక్కించిన చేతితో కన్నతండ్రిని ఎక్కించకపోతే నాకు ఎవరు శాలువా కప్పుతారు? ఒక్క లైను చాలు. బాపు టోకెన్, పక్కన అత్యవసరం, ఎంటర్.

టోకెన్ నంబరు సరిచూసుకుందామని రెండు లైన్లలో ఎవరెవరున్నారో చూపించమని సర్వరును అడిగాను. అత్యవసరం మొదలైంది, తెర నిండింది, మళ్లీ నిండింది, ఇంకా వస్తూనే ఉంది. అది ఆగాక సాధారణం వచ్చింది. అది నాలుగు వేళ్ల వెడల్పు లేదు.

 మంది ఎక్కువైతే మజ్జిగ పలుచన అని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నా, అది సర్వరుకు కూడా వర్తిస్తుందని నాకు తట్టలేదు. ఊరంతా కలిసి పైరవీ చేయించుకుని ఒక పెద్ద లైనులో నిలబడ్డారు. అక్కడ ఇద్దరిని పిలిచిన ప్రతిసారీ ఇటు ఒకరిని పిలవక తప్పదు. సున్నా ఒప్పుకోనని అది ముందే చెప్పింది. ఇప్పుడు బాపును అత్యవసరంలో ఎక్కిస్తే ఊరందరి వెనకాల, గడ్డం గీసే ఆయన బంధువుల వెనకాల నిలబెట్టినట్టు. నేను కొట్టబోయిన లైను కొట్టలేదు. ధర్మం గుర్తొచ్చి ఆగానని చెప్పుకోవచ్చు గానీ, ఆపింది లెక్క.

మైకులో పిలిచేది ఒక ఆడపిల్ల గొంతు. ఎక్కడో పట్నంలో రికార్డు చేసి పంపారు. "దయచేసి కాంటా వద్దకు రాగలరు" అని ఎంతో మర్యాదగా పిలిచేది. మా రైతులను అంత మర్యాదగా పిలిచినవాళ్లు అంతకుముందు లేరు కాబట్టి కొందరు "వస్తున్నం తల్లీ" అని బదులు కూడా చెప్పేవాళ్లు. ఆ పొద్దు ఆ గొంతు సాధారణం టోకెన్ పిలిచింది, అది కౌలు ఆమెది. ఆమె నమ్మలేదు. తననుకోలేదు, కదలకుండా కూర్చుంది. పక్క కుప్పవాళ్లు చీటీ చూసి లేపి పంపారు. తరువాత ఇద్దరు అత్యవసరాలు. తరువాత మళ్లీ సాధారణం. మధ్యాహ్నం చాయ్ వేళకు బాపు టోకెన్ పిలిచింది.

బాపు లేచి నిలబడ్డాడు. అన్ని రోజుల్లో మొదటిసారి కిటికీ వైపు తిరిగి చూశాడు. అద్దం మీద బయటి వెలుగు మెరిసి ఆయనకు నేను కనపడ్డానో లేదో తెలియదు. నేను మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. హమాలీలు వచ్చి సంచులు పట్టారు. కాంటా అయింది, మూతులు కుట్టారు, లారీకి ఎత్తారు. లారీ మీద పరదా కట్టి తాళ్లు బిగిస్తుంటే గాలి లేచింది. అప్పటికి గానీ నేను కూర్చోలేదు.

అసలు తమాషా అప్పుడు మొదలైంది. మొదట కనిపెట్టింది సర్పంచు బామ్మర్ది. సాధారణం వాళ్ల కుప్పలు ఉన్న జాగాలు చాలావరకు ఖాళీగా కనపడ్డాయి ఆయనకు. నేరుగా సర్వరు గదికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"తమ్మీ, నన్ను జర మామూలోళ్లల్ల ఎయ్యి."

"మీకు అత్యవసరమని ఎక్కిచ్చినం గదా."

"అత్యవసరమే. గందుకే మామూలోళ్లల్ల ఎయ్యమంటున్న."

ఆయన వెనకాల ఇంకో నలుగురు, వాళ్ల వెనకాల గుమ్మం నిండా జనం. కొన్ని రోజుల కింద ఎవరెవరు తమ గొప్పతనం చెప్పుకోవడానికి ఆ గుమ్మంలో నిలబడ్డారో, వాళ్లే ఇప్పుడు తామెంత మామూలు మనుషులో చెప్పుకోవడానికి వచ్చారు. ఒకాయన తన తాత పాలేరుగా చేసిన సంగతి బయటపెట్టాడు. అల్లుడు అలిగినాయన, అల్లుడు తిరిగి వచ్చాడని, ఇప్పుడు తనకేమీ అత్యవసరం లేదని చెప్పాడు. మేనేజరు ఫోను మోగింది. ఆయన లేచి నిలబడి మాట్లాడాడు, కాబట్టి అవతలివాళ్లు ఎంత ఎత్తువాళ్లో మాకు అర్థమైంది. ఫోను పెట్టేసి నాతో అన్నాడు.

"శానా పెద్ద మనిషి. దబ్బున సాధారణం జెయ్యి."

చేశాను. అడిగిన అందరినీ చేశాను. కానీ లైను మారినవాడు కొత్త లైనులో చివరికి పోతాడు, అది కూడా పాలసీలో ఉన్నదే. చెప్పాను, ఎవరూ వినలేదు. గంటలో సాధారణం నిండిపోయి, అత్యవసరం పలుచబడింది. అది చూసి కొందరు మళ్లీ అటు మార్చమన్నారు. మళ్లీ చివరికి పోయారు. ఆ గదిలో జనం ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మారుతుంటే ముందు నాకు నవ్వాగలేదు. ఏమీ ఎరగక మొదటి నుంచీ తమ చోట తాము నిలబడ్డ కొందరి వడ్లు మాత్రం కాంటా అవుతూనే ఉన్నాయి.

చీకటి పడకముందే వాన దిగింది. పెద్ద చినుకులు, వాటి వెంట వడగళ్లు. గదిలోని వాళ్లంతా కుప్పల వైపు పరుగెత్తారు. నేనూ పోయి ఎవరిదో పరదా ఒక మూల పట్టుకున్నాను. సర్పంచు బామ్మర్ది మోకాళ్ల మీద కూర్చుని కుప్ప చుట్టూ చేతులతో కాలువ తీస్తున్నాడు. నీళ్లు ఆగడం లేదు. నాకు అప్పుడు నవ్వు రాలేదు. తడిసేవి ఎవరి వడ్లైనా ముక్కిన వాసన ఒక్కటే.

ఇంటికి పోయేసరికి నేను నిలువునా తడిసిపోయాను. మా ఇంటి అరుగు మీద వాన ఆగేదాకా నిలబడ్డ మా వీధి వాడకట్టువాళ్లు ఉన్నారు. బాపు మధ్యలో పీట మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే గొంతు పెంచాడు.

"గిదో, వచ్చిండు. మా పిలగాడే చేసిండు. సర్వరంత వీని చేతులనే ఉంటది."

 ఆ మాట కోసం నేను ఎన్నేళ్లు ఎదురుచూశానో నాకే తెలుసు. కానీ అది నేను చేయని పనికి వచ్చింది.

"నేనేం చెయ్యలే బాపూ. నువ్వు మామూలు లైనులున్నవ్, గా లైను ఖాళీగున్నది, నీ వంతు నీకొచ్చింది. అంతే."

బాపు అరుగు మీదవాళ్ల వైపు చూసి మీసాల్లో నవ్వాడు.

"అవ్ అవ్. నల్గురిల గట్లనే చెప్పాలె."

వాళ్లు కూడా తలలూపారు. కొడుకు గట్టివాడని, నోరు జారడని మెచ్చుకున్నారు. అందరూ పోయాక లోపల మళ్లీ చెప్పాను. రెండుకు ఒకటి ఎలా పిలుస్తుందో కంచంలో మెతుకులు పెట్టి మరీ చూపించాను. ఆయన ఓపిగ్గా అంతా విన్నాడు.

"పైరవి లేకుంట గింజ కదుల్తదారా ఈ రాజ్యంల? నాకు చెప్పకుంటే మానె. ఇంట్ల గూడ గట్లనే అను, గోడలకు చెవులుంటయి."

అని తన కంచంలోని చేప ముక్క తీసి నా కంచంలో వేశాడు. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే నేను ఆ ముక్క తిన్నాను. రెండు రోజులకు కౌలు ఆమె సొరకాయలు పట్టుకుని వచ్చి, నా తలమీద చెయ్యి పెట్టి, నా కడుపు చల్లగుండాలని దీవించి పోయింది. నౌకరీలో చేరినప్పటి నుంచి నేను కష్టపడి చేసిన పనికి నన్ను దీవించినవాళ్లు ఒక్కరు లేరు.

బాపు చేను కౌలుకివ్వలేదు. వానాకాలం నాట్లు పడ్డాయి, కోతలు కూడా అయ్యాయి. సర్వరులో రెండు లైన్లూ అలాగే ఉన్నాయి, తీసేయమని ఎవరూ చెప్పలేదు. ఈసారి పైరవీలన్నీ సాధారణంలో ఉండడానికే. కొనుగోళ్లు మొదలయ్యే రోజున బాపు సర్వరు గదికి వచ్చాడు, అదే మొదటిసారి. అందరూ చెప్పులతో తిరిగే గది అది. ఆయన చెప్పులు గుమ్మం బయట విడిచాడు. లోపలికొచ్చి సర్వరు డబ్బాను పైనుంచి కింది దాకా చూసి, నా చెవి దగ్గరికి వంగాడు.

"మన వాడకట్టోళ్లను అందర్ని మామూలోళ్లల్లనే ఉంచు. మాటిచ్చిన. బయట నిలవడ్డరు."

"దానికేం చెయ్యనక్కర్లేదు బాపూ. ఏం చెయ్యకుంటే వాళ్లు అండ్లనే ఉంటరు."

"ఏం చెయ్యకుంటే ఎట్లయితదిరా?" అన్నాడు. గొంతులో కోపం లేదు, భయం ఉంది. "మాటిచ్చిన బిడ్డా."

కిటికీలోంచి చూశాను. వాడకట్టువాళ్లు ఎండలో నిలబడి గుమ్మం వైపే చూస్తున్నారు. కౌలు ఆమె కూడా ఉంది. పాలసీ అంటే ఏమిటో ఆయనకు ఇంకొకసారి చెబుదామనుకుని మానుకున్నాను. కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను. సర్వీసు నడుస్తోందా అని అడిగే ఆదేశం ఒకటి ఉంటుంది. అది దేన్నీ మార్చదు, ఎవరినీ ఎక్కించదు, దించదు. బాపుకు కనపడేలా ఒక్కో అక్షరం నిదానంగా కొట్టి ఎంటర్ నొక్కాను. నల్ల తెర మీద, నడుస్తోందని, ఆకుపచ్చ అక్షరాల్లో వచ్చింది.

బాపు ఆ ఆకుపచ్చను చాలాసేపు చూశాడు.

"అయిందా?"

"అయింది బాపూ."

నా వీపు మీద ఒకసారి చెయ్యి వేసి బయటికి పోయాడు. చెప్పులు తొడుక్కుంటూ బయటివాళ్లతో అంటున్నది నాకు వినపడింది.

"ఇగ ఫికర్ లేదు. నా కండ్ల ముంగటనే చేసిండు."